ఇద్దరికి ఎసరు

ఫోన్ మోగినప్పుడు నేను పండుమిరపకాయల తొడిమలు తీస్తున్నాను. కొత్త నంబరు. కొత్త నంబరంటే నాకు భయం. తెలియని నంబరు నుంచి మా ఇంటికి మంచి కబురు వచ్చిన రోజు నాకు గుర్తు లేదు. అది మోగి ఆగింది. మళ్లీ మోగింది. మూడోసారి ఎత్తాను.

"సత్యమ్మ గారేనా? నేను నవతను. డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. మీరు లైబ్రరీలో ఇచ్చిన కవితలు చూశామమ్మా."

"తప్పులున్నయా మేడం?" అన్నాను.

ఆమె నవ్వింది. "తప్పులు కాదు. మీ కవిత పుస్తకంలో వేస్తున్నాం. మన జిల్లా ఆడవాళ్ల కవితలన్నీ కలిపి తెస్తున్నాం కదా. ఇరవై ముగ్గురు కవయిత్రులు. అందులో మీరొకరు."

కవయిత్రి అన్న మాట పేపర్లో ఎన్నోసార్లు చదివాను. ఆ మాటతో నన్నెవరైనా పిలుస్తారని అనుకోలేదు. కళ్లు చెమ్మగిల్లాయి. ఏ చేత్తో తొడిమలు తీస్తున్నానో మరిచి, ఆ చేత్తోనే తుడుచుకున్నాను.

నా కేకకు మా కోడలు వినోద వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందత్తమ్మా? ఎవలు పోయిండ్రు?"

"ఎవలూ పోలే. అచ్చేస్తరట!"

"అచ్చేస్తే గింత ఏడుస్తరా?"

"మిరపకాయనే! నీళ్లు తే!"

ఫోన్లో నవత మేడం "అమ్మా, అమ్మా" అంటూనే ఉంది. వినోద ఒక చేత్తో నా ముఖం మీద నీళ్లు కొడుతూ, ఇంకో చేత్తో ఫోన్ నా చెవి దగ్గర పట్టుకుంది. ఆ తడి ముఖంతోనే అడిగాను, "ఏ కవిత మేడం?" అని.

"'చేతికి ఎరుక లేదు.' మేం అయిదుగురం కూర్చుని చదివాం. అయిదుగురికీ అదే నచ్చింది. ఒక చిన్న హామీ పత్రం పంపుతాను. సంతకం చేసి ఫొటో తీసి సాయంత్రం అయిదు లోపల పంపండి. రేపు పొద్దున పుస్తకం ప్రెస్సుకు పోతుంది."

మూడు కవితలు ఇచ్చాను నేను. ఒకటి కామారెడ్డి స్టేషన్‌లో బొంబాయి రైలు ఎక్కినవాళ్ల గురించి. ఒకటి మా అమ్మ చేతి గాజుల గురించి. ఆ రెండూ అక్షరం అక్షరం నావి. వాళ్లకు మూడోది నచ్చింది.

వినోద జిరాక్స్ దుకాణానికి పోయి పత్రం తీయించుకొచ్చింది. కళ్లు ఇంకా మండుతున్నా కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. "ఈ కవిత నా స్వీయ రచన అనియు, ఇతరుల రచన కాదనియు ఇందుమూలముగా హామీ ఇస్తున్నాను." కింద చుక్కల గీత. ఆ గీత మీద పేరు రాయడానికి నాకు అర నిమిషం చాలు. కలం తీసి, టోపీ పెట్టి, మళ్లీ తీశాను.

"ఏందత్తమ్మా, పేరు మరిచినవా?"

"వినోదా, ఇది నాదేనా అని."

"నీది గాకుంటె నాదా? నువ్వు రాస్తుంటె నేను జూసిన. ఆరు కాయితాలు ఖరాబు చేసినవు."

"రాసింది నేనే. మాటలు భూమక్కయి."

భూమక్క ఎవరో వినోదకు పేరుగానే తెలుసు. ఎల్లారెడ్డిలో నేను ముప్పై ఏళ్లు బీడీలు చేసిన కార్ఖానాలో నా పక్కన కూర్చున్న మనిషి. నేను బడికి పోలేదు. తంబాకు చుట్టి వచ్చే పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. కొంచెం వచ్చాక కార్ఖానాలో అందరికీ పైకి చదివి వినిపించేదాన్ని. చదివే మనిషి చేతులు ఆగుతాయి కదా. అందుకని చుట్టూ ఉన్న ఆడవాళ్లు తలా పిడికెడు బీడీలు నా చాటలో వేసేవాళ్లు. అందరికంటే ఎక్కువ వేసేది భూమక్క. ఆమెకు అక్షరం రాదు. విన్నది మాత్రం మరిచేది కాదు. "మొన్న సదివిన దాంట్ల గట్ల లేదు గద సత్తీ" అని నన్నే దిద్దేది.

ముప్పై ఎనిమిదేళ్ల కింద ఆమె భర్త ఎంకయ్య దుబాయికి పోయాడు. ఎల్లారెడ్డి బస్టాండులో మేమంతా సాగనంపాం. పోయేవాళ్ల ముందు ఏడవకూడదు మా దిక్కు. ఏడిస్తే తోవలో కీడు. బస్సు మూల తిరిగేదాకా భూమక్క కొంగు కూడా కదల్చలేదు. బస్సు కనుమరుగయ్యాక నా మెడ పట్టుకుని కూలబడింది. అప్పుడు తీసింది శోకం. మా ఆడవాళ్లు ఏడిస్తే వట్టిగా ఏడవరు. మాట మీద మాట కట్టి, రాగం తీసి ఏడుస్తారు. ఆ మాటలు నా చెవిలో పడి అక్కడే ఉండిపోయాయి. పోయినేడాది ఒకనాడు కాగితం మీద పెట్టాను. పెట్టేటప్పుడు ఏది ఆమెదో, ఏది నాదో చూసుకోలేదు. అచ్చవుతుందని ఎవరనుకున్నారు?

"సంతకం పెట్టి పంపు. ఎవలకెరుకైతది?" అంది వినోద.

"భూమక్కకు ఎరుకైతది. ఎవలో ఒకలు సదివి వినిపిస్తరు. రెండో మాటకే పట్టుకుంటది."

"అయితె ఫోన్ చేసి అడుగు."

నంబరు లేదు. ఉన్నా చేసేదాన్ని కాదు. పదకొండేళ్ల కింద నేను ఎల్లారెడ్డి విడిచి వచ్చిన తీరు అలాంటిది. మా ఆయన రాజయ్య పోయిన ఏడాదికి, మా కొడుకు తిరుపతి కామారెడ్డిలో మోటార్ల వైండింగ్ దుకాణం పెట్టాడు. సామాన్లకు డీసీఎం వ్యాను తెచ్చాడు. ఆ రోజు భూమక్క పిట్లంలో బిడ్డ ఇంటికి పోయింది, మాపటికి వస్తుంది. ఆగితే ఆగొచ్చు. కానీ ఆమె వస్తే మళ్లీ ఆ మెడ పట్టుకోవడం, ఆ మాటలు. అప్పటికి నేను చాలామందిని పంపి ఉన్నాను. స్టేషన్‌లో, బస్టాండులో, చివరికి మా ఆయనను వాకిట్లోంచి. ఇంకొకటి నావల్ల కాదనిపించింది. "తొందరగ కట్టుండ్రి" అని డ్రైవర్ మీద అరిచి, పొద్దు తిరగకముందే ఊరు దాటాను. ఆమెకు ఒక్క మాట చెప్పలేదు.

గోడ గడియారం పది చూపిస్తోంది. సాయంత్రం అయిదు దాకా సమయం ఉంది. చీర మార్చుకున్నాను.

"ఎటు అత్తమ్మా?"

"ఎల్లారెడ్డి."

"గింతదానికి ఎల్లారెడ్డి పోతవా! ఆమె వద్దంటే?"

వద్దంటే సంతకం పెట్టను. పెట్టకపోతే పుస్తకంలో ఇరవై ఇద్దరే ఉంటారు. అరవై ఎనిమిదేళ్లకు ఒకసారి వచ్చిన ఫోన్ రెండోసారి వస్తుందా?

బస్సులో ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్ తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. పత్రం, కవిత కాగితం మడత పడతాయని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్‌ని సంచిలో, సంచిని ఒడిలో పెట్టుకున్నాను. తాడ్వాయి దాటేలోపు నాలుగుసార్లు తీసి చూశాను. పక్కనున్నామె గాంధారి దిక్కు తండా మనిషి. చూసి చూసి అడిగింది, "పట్టా కాయితమా అవ్వా?" అని.

"కాదు బిడ్డా. నా కవిత పుస్తకంల వస్తది."

ఎందుకన్నానో తెలియదు. నోరు ఆగలేదు. ఆమె పక్క సీటు వాళ్లకు చెప్పింది, వాళ్లు కండక్టరమ్మకు చెప్పారు. లింగంపేట వచ్చేసరికి సగం బస్సుకు తెలిసింది. "ఒకటి సదువు అవ్వా" అన్నారు. ఇంకా నాది అవునో కాదో తేలలేదని ఆ బస్సులో ఎట్లా చెప్పను? "గొంతు బాగలేదు" అని కిటికీ వైపు తిరిగాను. లోపల మాత్రం గుండె పెళ్లివారి డప్పులా కొట్టుకుంటోంది.

భూమక్క ఇల్లు మారలేదు. ముందు రేకులు కొత్తగా వేశారు. వాకిట్లో గోనె మీద కూర్చుని చింతపండు గింజలు కొడుతోంది. వెంట్రుకలు పూర్తిగా తెల్లబడ్డాయి. చానాళ్లకు కలిసిన ఆడవాళ్లు మెడలు పట్టుకుని ఏడవడం మా దగ్గర ఆనవాయితీ. నేను సంచి కింద పెట్టి, చేతులు చాచి సిద్ధంగా నిలబడ్డాను. ఆమె తలెత్తి నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. చేతిలో రాయి ఆగలేదు.

"ఎవలు గావాలెనమ్మా?"

"నేనక్కా. సత్తిని."

"ఏ సత్తి? మా సత్తి సచ్చిపోయింది. పదకొండేండ్లాయె. బతికుంటే చెప్పకుంట పోవు గద. దినాలు గూడ చేసిన."

"మాఫ్ చెయ్యక్కా."

"పిట్లం నుంచి నీ కోసం సీతాఫలాలు తెచ్చిన ఆ దినం. తాళం జూసిన. తాళానికి పెట్టి రావాల్నా అవి?"

గోనె అంచున కూర్చున్నాను. ఇంకో రాయి తీసుకుని గింజలు కొట్టడం మొదలుపెట్టాను. ఆమె వద్దనలేదు. గింజలు పది పదిహేను కొట్టాక అంది, "ఇంకా సక్కగ కొట్టుడు రాదు నీకు. పండంత గింజకే పోతది."

అప్పుడు నాకు ఊపిరి వచ్చింది.

అరుగు మీద మంచంలో దుప్పటి కదిలింది. ఎంకయ్య బావ లేచి కూర్చున్నాడు. దుబాయిలో పన్నెండేళ్లు మేస్త్రీ పని చేసి వచ్చిన మనిషి. ఇప్పుడు నడుము వంగింది కానీ నోరు వంగలేదు.

"ఏం మరదలా, తోవ తప్పి వచ్చినవా? చూడు మీ అక్క. నువ్వు పోతె పదకొండేండ్లు కోపం పట్టింది. నేను దుబాయి పోయిననాడు మాత్రం ఒక్క సుక్క నీళ్లు రాలే కండ్లల్ల. రాయి లెక్క నిలబడ్డది బస్టాండుల."

"మొదలువెట్టిండు," అంది భూమక్క.

ఈ మాట నేను ఎన్నోసార్లు విన్నాను. పెళ్లిళ్లలో, దావతుల్లో, ఎవరి కొడుకు గల్ఫ్‌కు పోయినా ఎంకయ్య బావ ఇదే చెబుతాడు. అందరూ నవ్వుతారు. భూమక్క మూతి తిప్పుకుంటుంది. ఇంతకాలం నేనూ నవ్వాను. ఈసారి నవ్వు రాలేదు. సంచిలో ఉన్నది ఆ రోజే కదా.

భూమక్కను పెరట్లోకి రమ్మని సైగ చేశాను. అక్కడ బోరు పక్కన నిలబడి సంగతంతా చెప్పాను. ఫోన్, మేడం, పత్రం, సాయంత్రం అయిదు. ఆమె చివరిదాకా విని, "ఏ మాటలు?" అంది.

"ఆయన బస్సెక్కినాక నువ్వు తీసిన శోకం."

ఆమె ముఖం ఎర్రబడింది. "అది పుస్తకంలకు ఎక్కిస్తవా? మా ఇంటి ఏడుపు మందికి జూపెడ్తవా? నీకేమన్న తెలివున్నదా?"

"నీ పేరు లేదక్కా. ఊరు పేరు గూడ లేదు. ఒక్కపారి విను. విన్నాక వద్దంటే, పత్రం ఈడనే చింపుత."

"సదువు. మెల్లగ సదువు."

మెల్లగా చదవడానికే నోరు తెరిచాను. కానీ నేను చదవడం నేర్చింది కార్ఖానాలో. యాభై మంది ఆడవాళ్ల మాటలు, కత్తెర్ల చప్పుడు, వీటన్నిటి మీద వినపడాలి. కాగితం చేతికి వస్తే నా గొంతు తనంతట తానే లేస్తుంది. ఇంట్లో నేను పేపర్ చదివితే ఎదురింటివాళ్లకు వార్తలు తెలుస్తాయని తిరుపతి ఎగతాళి చేస్తాడు. ఆ భూమక్క ముందు, ఆ పెరట్లో, అదే గొంతు లేచింది.

బస్సు మూల తిరిగింది.
నువ్వు పోయినవని కాళ్లకు ఎరుకైంది, కూలబడ్డయి.
కండ్లకు ఎరుకైంది, కారినయి.
చెవులకు ఎరుకైంది,
మాపటికి వాకిట్ల సైకిల్ సప్పుడు లేదు.
చేతికే ఎరుక లేదు.
పొద్దూకి పొయ్యి ముంగట కూసుంటే
ఇద్దరికి బియ్యం పోస్తది.
దీనికెవలు చెప్పాలె?
నేను చెప్ప.

తల ఎత్తేసరికి ఎంకయ్య బావ పెరటి గుమ్మంలో ఉన్నాడు. ఒక చేత్తో తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"అది ఎవలు అన్నరు?" అన్నాడు.

భూమక్క నా వైపు చూసిన చూపుకు నాకు అక్కడే బోరులో దూకాలనిపించింది.

"ఎవలూ అనలే. కవిత. సత్తి రాసింది," అంది.

"నిన్నడుగుత లేను. మరదలా, నిజం చెప్పు. ఎవలన్నరు?"

చెప్పాను. బస్టాండు, ఆ మూల, నా మెడ, అంతా చెప్పాను. ఆయన విన్నాడు.

"ఎనక అద్దంలకెళ్లి చూసిన నేను. చెయ్యి గూడ ఊపలే నువ్వు."

"పోయెటోని ముంగట ఏడుస్తరానయ్యా? నువ్వు మల్ల రావద్దనుకున్ననా?"

"వచ్చినంక చెప్పొచ్చు గద!"

"వచ్చినంక ఏం చెప్పాలె? వచ్చినవు గద!"

"ఇన్నేండ్లు ఊరందరికి చెప్పుకుంట తిరిగితి, రాయి లెక్క నిలబడ్డదని. ఒక్కపారన్న కాదనలేవు."

"నువ్వు చెప్పుడు సూసి నాకు నవ్వొచ్చేది."

అది అబద్ధం. ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన భుజం మీద తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు. తర్వాత కోపంగా, "ఇంటికొచ్చిన మనిషికి చాయ్ పోసుడు లేదా?" అని, ఎవరూ కదలకముందే తానే వంటింట్లోకి పోయాడు. గిన్నెల చప్పుడు మామూలు కంటే ఎక్కువ వినపడింది.

భూమక్క ఆ చప్పుడు వింటూ కాసేపు నిలబడింది. నేను మెల్లగా కవర్లోంచి పత్రం తీశాను. రెండు చేతులతో పట్టుకుని చింపబోయాను. ఇచ్చిన మాట ఇచ్చిందే.

"ఏం చేస్తున్నవ్?"

"వద్దన్నవు గద."

"వద్దన్ననా నేను? వద్దనలే ఇంక. ముందుగాల అది సక్కగ రాయి. తప్పు రాసినవు."

"ఏం తప్పు?"

"ఇద్దరికి బియ్యం పోస్తదా? అప్పుడు బియ్యం ఎక్కడియే మనకు? పండుగకు కండ్లజూసేది. మక్కగట్క తిన్నం రోజు. నేను ఎసరన్న. ఇద్దరికి ఎసరు వెడ్తది ఈ చెయ్యి అన్న."

నాకు సిగ్గేసింది. ఆమె ఎసరు అన్న సంగతి నాకు గుర్తుంది. రాసేటప్పుడు గుర్తుంది. మక్కజొన్న గట్క తిన్నామని పుస్తకంలో చెప్పుకోవడం నామోషీగా ఉండి, బియ్యమని మార్చాను. ఎసరంటే ఏం ఉడుకుతుందని అడుగుతారేమోనని అదీ తీసేశాను. ఇప్పుడు ఆమె నోటి వెంట మళ్లీ వినగానే తెలిసింది. పొయ్యి మీద ముందు పెట్టేది నీళ్లే. గింజలు తీయకముందే, ఇంకా ఏమీ అనుకోకముందే, చెయ్యి ఇద్దరికి నీళ్లు పోసేస్తుంది. అంతకంటే నిజమైన మాట నాకు వందేళ్లు కూర్చున్నా దొరకదు.

కలం తీసి బియ్యం కొట్టేశాను. "ఇద్దరికి ఎసరు వెడ్తది" అని రాశాను.

"ఇంకోటి," అంది భూమక్క. "సైకిల్ సప్పుడు నేననలే."

"అన్నవక్కా."

"ఎట్లంట? ఈయనకు సైకిల్ ఏడిది? ఎన్నడన్న తొక్కిండా? నడిచే వచ్చెటోడు పనికెళ్లి. సైకిల్ మీ రాజన్నది. మాపటికి నీ వాకిట్లకు వచ్చి బెల్లు కొట్టేది. అది నీది."

నేను కాగితం వైపు చూశాను. చెవులకు ఎరుకైంది, మాపటికి వాకిట్ల సైకిల్ సప్పుడు లేదు. ఏడాదిగా ఆ పంక్తిని ఎన్నిసార్లు రాశాను, ఎన్నిసార్లు చదివాను. భూమక్క మాట అనుకునే రాశాను. మా ఆయన పోయాక నేను ఎవరి మెడా పట్టుకోలేదు. పట్టుకోవాల్సిన మనిషికి చెప్పకుండా ఊరు దాటాను. ఆ ఏడుపు ఎటూ పోక వచ్చి ఆమె ఏడుపులో కూర్చున్నట్టుంది.

భూమక్క నా భుజం మీద చెయ్యి వేసింది. గట్టిగా పట్టుకుంది, అంతే. శోకం తీయలేదు. "పిచ్చిదానా," అంది. "గింత దాసుకుంటరా?"

ఎంకయ్య బావ మూడు గ్లాసుల్లో చాయ్ తెచ్చాడు. ఎక్కువ పాలు, యాలకులు, దుబాయిలో నేర్చిన చాయ్. "ఏం తేలింది?" అన్నాడు.

"సగం ఆమెది, సగం నాది," అన్నాను.

"మరి నాది? పోయింది నేను గద! నా పేరు గూడ ఎయ్యుండ్రి. పోయినోడు ఎంకయ్య అని."

"నోరు మూసుకొని చాయ్ తాగు!" అంది భూమక్క. నేనెరిగిన ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన మారు మాట్లాడలేదు.

మూడు దాటింది. నవత మేడానికి ఫోన్ చేశాను. కవితకు ఇద్దరు మనుషులున్నారని, ఒకామెకు అక్షరాలు రావని, ఒక మాట మార్చామని, రెండు పేర్లు వేయాలని ఒక్క ఊపిరిలో చెప్పాను.

"ఒక కవితకు ఇద్దరా?" అంది మేడం. "అట్లా ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదమ్మా. పత్రం కూడా ఒకరికే ఉంది. పుస్తకంలో ఇరవై ముగ్గురని ముందుమాట కూడా అయిపోయింది."

ఒప్పుకోకపోతే ఒక్క పేరుతో వేయమని అడగలేను. అందుకే అన్నాను, "అయితే ఇరవై నలుగురని దిద్దుండ్రి మేడం. లేకుంటే నా కవిత తీసెయ్యుండ్రి. ఒక్క పేరుతోటి సంతకం పెట్ట."

ఆ మాట అన్నది నేనేనా అని భూమక్క నా ముఖంలోకి చూసింది. నాకే నమ్మకం లేదు.

"తీసేయడమెందుకు, ఆగండి," అంది మేడం. "ఏమో మార్చామన్నారు. చదవండి."

చదివాను. ఈసారి మెల్లగా చదువుదామని ప్రయత్నం కూడా చేయలేదు. ఎసరు దగ్గరికి వచ్చాక మేడం "మళ్లీ ఒకసారి" అంది. మళ్లీ చదివాను. "ఎసరు," అని తనలో తాను అనుకుంది. తర్వాత గబగబా మాట్లాడింది. "రెండు పేర్లూ వేస్తాం. ముందుమాట నేను దిద్దుతాను. పత్రంలో 'నా' కొట్టేసి 'మా' అని రాయండి. ఆమెతో వేలిముద్ర వేయించండి. ఏ పేరు ముందు?"

"సత్తిది ముందు. సదువు ఆమెది," అంది భూమక్క పక్క నుంచి.

"కాదు మేడం, అక్కది. ఏడుపు ఆమెది."

"ఏడుపు ముందుంటదా ఏడనన్న? నీదే!"

"అక్షర క్రమంలో వేస్తామమ్మా," అని మేడం నవ్వింది. "భ ముందు, స తర్వాత."

"అ ఆ లల్ల నేను నీకన్న ముందున్ననా?" అంది భూమక్క. "ఇన్నేండ్లు ఎన్నడన్న చెప్పినవా ఈ ముచ్చట?"

వేలిముద్రకు ఇంకు ప్యాడ్ కావాలి. ఎంకయ్య బావ చెప్పులేసుకుని మీసేవ కేంద్రానికి పోయాడు. ఆ నడుముతో అంత తొందరగా నడవగలడని నేననుకోలేదు. తెచ్చాక భూమక్క బొటనవేలు అద్ది పత్రం మీద నొక్కింది. గీతలు పడలేదు. ఉత్త నీలి చుక్క. ఆకు చుట్టి చుట్టి ఆమె వేలి గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. రేషన్ మిషన్ కూడా పట్టదట.

"ఇది నడువది," అన్నాను కంగారుగా. "మల్ల వెయ్యి."

మళ్లీ వేసింది. మళ్లీ చుక్కే. మూడోసారికి పత్రం మూల అంతా నీలి చుక్కలే. అయిదుకు ఇరవై నిమిషాలుంది. ఇంకో పత్రం లేదు. నేను ఒక చుక్క కింద "ఇది భూమక్క వేలిముద్ర. బీడీలు చేసి గీతలు పోయినవి. నేను చూసిన" అని రాసి, పక్కన నా సంతకం పెట్టాను. అట్లా రాయొచ్చో లేదో తెలియదు. ఫొటో తీశాను. మొదటిది కదిలి మసకగా వచ్చింది. రెండోదాంట్లో ఎంకయ్య బావ చెప్పు పడింది. మూడోది పంపాను.

ముగ్గురం ఫోన్ని గోనె మీద, చింతపండు పక్కన పెట్టి దాని చుట్టూ కూర్చున్నాం. ఆ చుక్కకు మేడం ఒప్పుకుంటుందో లేదో. అయిదుకు నాలుగు నిమిషాలుందనగా ఫోన్ టింగుమంది. పత్రం గురించి ఒక్క మాట లేదు. అచ్చు అక్షరాలతో ఒక పేజీ వచ్చింది. మీద కవిత పేరు, కింద రెండు పేర్లు.

"వచ్చిందా? వేసిండ్రా?" అంది భూమక్క. "ఏది నా పేరు? సూపియ్యి."

చూపించాను. ఆమె చేతిని చీరకు తుడుచుకుని, ఆ పేరు మీద మెల్లగా వేలు పెట్టింది. వేలు తగలగానే పేజీ సర్రున పక్కకు జరిగిపోయింది.

"అయ్యో! పోయింది సత్తీ!"

"పోలేదక్కా. ఈడనే ఉన్నది. ఆగు."

పేజీని వెనక్కి లాగి, పెద్దగా చేసి, ఆమె ముందు పెట్టాను. ఈసారి ఆమె వేలు పెట్టలేదు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ముఖం దగ్గరగా వంచి చూసింది. ఎంకయ్య బావ ఆమె భుజం మీంచి తొంగి చూస్తున్నాడు.

"సత్తీ," అంది తలెత్తకుండానే. "గట్టిగ సదువు. పక్కింటోళ్లకు గూడ ఇనవడాలె."